అడ్డంకి లేదని రాసిన దారి

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను శంషాబాద్ ప్రాంతపు మ్యాపుల పరిశీలనకు వేశారు. నేను పనిచేసింది ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీలో. సమాచారం వెతికిపెట్టడంతో మొదలై మెయిల్, వీడియోలు, ఫోన్ల దాకా పెరిగిన కంపెనీ అది. మాది మ్యాపుల విభాగం. కింది ఉద్యోగులు తేల్చలేని ఫిర్యాదులు నాణ్యత లీడ్‌గా నా దగ్గరికి వచ్చేవి.

ఆ ఫిర్యాదు పాల్మాకుల దాటాక ఉన్న ఒక చిన్న వాడ గురించి. విమానాశ్రయానికి వెళ్లే పెద్ద రోడ్డు నిండిపోయినప్పుడల్లా మా మ్యాపు క్యాబులను ఆ వాడ సందులోకి మళ్లించేది. అలా పంపమని ఎవరూ చెప్పలేదు. ముందు వెళ్లిన ఫోన్ల వేగాన్ని బట్టి తక్కువ సమయం పట్టే దారిని అదే ఎంచుకుంటుంది. వాడవాళ్లు ‘దారి మూసి ఉంది’ అని వరసగా రిపోర్టులు పెట్టారు. డ్రైవర్లు ‘తెరిచే ఉంది’ అని పెట్టారు. ఇలాంటి తగువు వస్తే మనిషి స్వయంగా వెళ్లి చూడాలని నియమం. నేనే వెళ్లాను.

సందు మొదట్లో బండరాళ్లు అడ్డంగా ఉన్నాయి. దిగి ఫొటో తీశాను. పక్క ఇంటి గడపలో కూర్చున్నావిడ కేకేసింది.

“ఎయిర్‌పోర్టుకా సారూ? గిట్ల తొవ్వ లేదు, బండి మల్పుకో.”

మ్యాపు ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను. ఆమె పేరు యాదమ్మ.

“గా ఫోన్ల మాట్లాడే పిల్ల మీ ఆఫీసుదేనా? జర గట్టిగ చెప్పు సారూ, మా గల్లీ దిక్కు తోలొద్దని.” పక్కవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. భర్త నర్సయ్యను చూపించింది. “ఈయనకు చెవులు ఇనరావు. దినాం గీ తొవ్వ దాటే బర్రెల కొట్టం కాడికి పోవాలె. హారన్ కొట్టిన్నంటడు డ్రైవరు. కొడితే ఎవలికి ఇనొస్తది?”

అంతలో ఎవరో అన్నారు: “సారు బురదల నడుస్తడా? బండలు జరుపుండ్రి.” ఇద్దరు మగవాళ్లు రాళ్లు పక్కకు దొర్లించారు. కారు యాదమ్మ ఇంటి ముందు దాకా తెచ్చుకుని చాయ్ తాగాను. నర్సయ్య సంగతి చూస్తానని మాటిచ్చి, యాదమ్మకు నా ఫోన్ నంబరిచ్చాను. తర్వాత అదే సందులో అవతలి చివరిదాకా వెళ్లి పెద్ద రోడ్డెక్కాను. వెనక రాళ్లు మళ్లీ అడ్డం పెట్టడం అద్దంలో కనిపించింది.

అలాంటి సందుల్లోకి బయటి బండ్లను పంపకుండా మా మ్యాపులో ‘స్థానికులకు మాత్రమే’ అనే గుర్తు ఉంది. అది పెట్టాలంటే పంచాయతీ నుంచి కాగితం తెప్పించాలి, పై అధికారిని ఒప్పించాలి. అప్పటిదాకా ఫిర్యాదు నా పేరు మీద పెండింగులో ఉంటుంది. అది మా పనితీరు సమీక్షల సమయం. నా ఫోనులో కారు వెళ్లిన జాడ ఉంది. మా పద్ధతిలో అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ‘అడ్డంకి లేదు, వాహనం వెళ్లింది’ అని రాసి ముగించాను. ఫొటో జతచేయలేదు.

దాంతో వాడవాళ్ల రిపోర్టులకు విలువ తగ్గిపోయింది. తర్వాత వాళ్లు ఏం పెట్టినా సిస్టమ్ పట్టించుకోలేదు. డ్రైవర్లు ఫోను చూపించి, కొట్లాడి రాళ్లు తీసేవారు. సాయంత్రమయ్యేసరికి నా తెరమీద ఆ సందు బండ్ల రద్దీతో ఎర్రబడేది. నేను చూస్తూనే ఉన్నాను. యాదమ్మ ఫోన్ చేసి “చెప్పినవా సారూ?” అని అడిగింది. పని నడుస్తోందన్నాను.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఆమె దవాఖానలో ఉంది. “ఇగ చెప్పకు సారూ. కొట్టం కాడికి పోతుంటే ఈయనను క్యాబోడు గుద్దిండు.”

నర్సయ్య బతికాడు. తుంటి ఎముక విరిగి మళ్లీ సరిగా నడవలేకపోయాడు. విచారణలో డ్రైవరు మ్యాపు చూపించాడు. కంపెనీ నా నివేదిక చూపించింది. వాడవాళ్లు ప్రమాదం జరిగాకే రాళ్లు పెట్టి అబద్ధమాడుతున్నారని తేల్చారు. “మేం అబద్ధాలోళ్లమైతిమి గద సారూ,” అంది యాదమ్మ. ఆ సందుకు చప్పుడు చేయకుండా ‘స్థానికులకు మాత్రమే’ గుర్తు పెట్టించాను గాని నివేదిక మార్చలేదు. యాభై నిండకముందే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

రాళ్లు ముందునుంచే ఉన్నాయి. వాటిని జరిపింది నా కారు కోసం, అతిథినని. వాడవాళ్లు అబద్ధమాడలేదు.

దారి తెరిచి ఉందని రాసేవాడు దాన్ని ఎవరు, ఎవరి కోసం తెరిచారో కూడా రాయాలి. మా ఫారంలో ఆ ప్రశ్న లేదు. చివర వ్యాఖ్యలకు చోటు ఉండేది. నేను దాన్ని ఖాళీగా వదిలాను.