తనకి తనే సవతి

ఆమెకి ఓ సవతి ఉంది. మొగుడు తెచ్చిపెట్టింది కాదు, పాపం ఆయనకంత సీను లేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పగలంతా గోడల మధ్య వేలాడి ఇంటికొచ్చేసరికి చెప్పులు విప్పడానికే ఓపిక ఉండదు. సవతిని తెచ్చుకున్నది ఆమే, తను పనిచేసే స్టీలు సామాన్ల కొట్టు నుంచి.

ఆ కొట్టులో ఒక్క గంట నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళూ గిన్నెని గోటితో కొట్టి చూస్తారు, మూత పెట్టి, తీసి, మళ్ళీ పెడతారు. నాలుగు వైపులా ట్యూబులైట్లు, ఆ వెలుతురు ప్రతి పళ్ళెంలోంచీ తిరిగొచ్చి కళ్ళలో గుచ్చుకుంటుంది. శనివారం సాయంత్రానికి ఆమెకి మెడ వెనక నరాలు బిగుసుకుపోతాయి, చెవుల్లో దూది కుక్కినట్టవుతుంది. ఆ తర్వాత ఆమె ఆమెలో ఉండదు. కాస్త వెనగ్గా నిలబడి, ఎవరో ఆడమనిషి తన చేతులతో పళ్ళేలు కాగితంలో చుడుతుంటే చూస్తూ ఉంటుంది.

ఆ ఎవరో ఉంది చూశారూ, ఆవిడంటే అందరికీ ప్రాణం. మన మనిషిది మామూలు నోరు కాదు, మాటకి మాట అప్పజెప్పందే నిద్ర పట్టదు. ఆవిడకి మాత్రం నోట్లో నాలుకే ఉండదు. గీచి గీచి బేరమాడేవాళ్ళతో కూడా నవ్వుతూనే ఉంటుంది. ఇంటికొస్తే అత్తగారు టీవీ ఎంత గట్టిగా పెట్టినా కిక్కురుమనదు. శనివారాలు నా కోడలు బంగారమమ్మా అని అత్తగారు పక్కింటావిడతో అంటుంటే, మిగతా రోజులు నేను ఇత్తడినా అని ఆమె కడుపు రగిలిపోయింది.

అత్తగారి సంగతి సరే, అసలు మంట మొగుడితో. మామూలు రోజుల్లో అన్నం తిని ముడుచుకు పడుకునే మనిషి, ఆవిడ వచ్చిన రోజు మాత్రం వంటింటి గుమ్మంలో చతికిలబడి ఒకటే కబుర్లు. ఒకసారైతే మీ పుట్టింటివాళ్ళంత పిసినారులు లోకంలో లేరన్నాడు. ఆవిడ అవునంటూ తలూపింది! వెనక నిలబడి వింటున్న ఆమెకి ఒళ్ళు భగ్గుమంది. కానీ అరవడానికి నోరేదీ? అది ఆవిడ దగ్గరుందాయె.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడైనా అన్ని మాటలు మాట్లాడాడా అని ఉడుక్కుంది. ఈయనకి నేనక్కర్లేదు, అదే కావాలి. ఏదో ఒకరోజు నేను అసలు తిరిగి రాకపోయినా ఈ ఇంట్లో ఎవరికీ పట్టదు. ఆ ఆలోచన వచ్చాక ఆమెకి అన్నం సయించలేదు.

ఓ ఆదివారం పొద్దున, తను తనుగా ఉన్నప్పుడు, మొగుణ్ణి నిలదీసింది. వెలుతురు, మోత, వెనక నిలబడటం అన్నీ చెప్పి, మీకు ఆవిడ కావాలా నేను కావాలా ఇవాళ తేల్చమంది.

"నా మీద అలిగావనుకున్నానే," అన్నాడాయన. "ఏదో ఒకటి వాగితే నాలుగు తిడతావని చూశాను. మీ వాళ్ళని అంటేనైనా ఒంటికాలి మీద లేస్తావనుకున్నా. లేవలేదు. నాకు ఎంత భయమేసిందో తెలుసా?"

ఆ ఏడుపేదో ముందే అడిగి ఏడవచ్చుగా అని ఆమె విసుక్కుంది. మళ్ళీ వస్తే ఏం చెయ్యమంటావని ఆయన అడిగాడు. ఆమెకి మాత్రం ఏం తెలుసు? టీవీ, లైటూ కట్టేసి నోరు మూసుకు కూర్చోమంది. చెయ్యి గట్టిగా పట్టుకుంటే ఏమైనా తెలుస్తుందేమో చూద్దామంది.

ఆ శనివారం ఇంటికి ఆవిడే వచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాడు. సీరియల్ మధ్యలో టీవీ కట్టేశాడని అత్తగారు సణుక్కుంటూ పక్కింటికి పోయింది. చీకటి వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుని, ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఉత్తుత్తినే కాదు, వేళ్ళలో వేళ్ళు వేసి, నట్లు బిగించే పట్టు.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. చెయ్యమన్నది తనే, నిజమే. అయినా ఒళ్ళు మండిపోయింది. నా చెయ్యి ఏనాడైనా ఇలా పట్టుకున్నాడా? దానికైతే ఇంత ప్రేమా?

"వదలండి," అంది. "వేళ్ళు విరిగేలా ఉన్నాయి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. నొప్పి కూడా తన వేళ్ళకే పెడుతోంది.

ఆయన వదల్లేదు. "తిట్టు," అన్నాడు. "ఇంకా తిట్టు."