పొదిగే కోడిని ఏ గడిలో రాయాలి

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, జూన్‌లో, నన్ను దీవుల్లోని ప్రోతరాపూర్‌కు వేశారు. పశుసంవర్ధక శాఖలో నాది స్టాక్ అసిస్టెంట్ హోదా. నాకు రావలసిన ప్రమోషన్ జూనియర్‌కు ఇచ్చి, నాకు గుడ్ల సర్వే ఇచ్చారు. ఎంపికైన ఇంటికి సాయంత్రం వెళ్లి కోళ్లను లెక్కపెట్టాలి. మర్నాడు మళ్లీ వెళ్లి అవి పెట్టిన గుడ్లను లెక్కపెట్టాలి. దీవుల్లో గుడ్లు తినేవాళ్లు పెరుగుతున్నారు, ఇక్కడివి చాలడం లేదు. గుడ్లు తెచ్చే ఓడ ఆలస్యమైతే పక్కనున్న బతు బస్తీ దుకాణాల్లో ట్రేలు ఖాళీ. అందుకని శాఖ మెరుగు జాతి కోడిపిల్లల్ని పంచింది. అవి గుడ్లు బాగా పెడతాయి, పొదగడం మాత్రం అరుదు.

అప్పలమ్మ గారింట్లో అలాంటి పెట్టలు ఎనిమిది, పుంజు ఒకటి, నాటుకోడి ఒకటి. భర్త చేపల వేటకు వెళ్లడం మానేశాక ఆ ఇల్లు గుడ్ల మీదే నడిచేది. నాటుకోడి బుట్టలో పొదుగుకు కూర్చుంది. దాన్ని ‘గుడ్లు పెట్టనివి’ గడిలో రాసి, అమ్మేయమని సలహా ఇచ్చాను. ఇరుగుపొరుగు మా మాట విని తమ నాటుకోళ్లను అప్పటికే అమ్మేశారు.

“ఏటి భయ్యా, కూకుంటే బేకార్ అయిపోద్దా? మరి మీ ఆఫీసులో కుర్చీల్లో కూకున్నోల్లని ఏ గడిలో రాస్తారు?” అన్నారామె.

నేను తర్వాతి గడి నింపాను.

మరుసటి ఏడు పంచడానికి కోడిపిల్లలు రాలేదు. ఆమె పెట్టలు ముదిరి గుడ్లు తగ్గాయి. కొత్త పిల్లలు ఎప్పుడొస్తాయని అడిగితే, ఆఫీసుకు రాసి కనుక్కుంటానన్నాను.

నాటుకోడి మళ్లీ పొదుగుకు వచ్చింది. దాని కింద మెరుగు కోళ్ల గుడ్లు పెట్టారామె. పక్కింటావిడ కూడా నాలుగు తెచ్చింది. “నీదాన్ని అమ్మీసి, ఇప్పుడు నాదానికి పని చెప్తున్నావేటే?” అని ఆమెను తిడుతూనే అప్పలమ్మ గారు వాటినీ బుట్టలో సర్దారు.

సర్వే డ్యూటీ లేకపోయినా రోజూ వెళ్లాను. ఇరవై ఒకటో రోజు అప్పలమ్మ గారు ఇంకా తడారని పిల్లను నా అరచేతిలో పెట్టారు. “దీదీ, పడిపోతుందేమో” అన్నాను. “నీ చెయ్యి వెచ్చగానే ఉందిలే, పట్టుకో” అన్నారు. పక్కింటి గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. మూడూ అక్కడికే పంపారు.

పొదిగే కోళ్లను వేరుగా లెక్కపెట్టాలని రిపోర్టులో రాశాను. పై అధికారి ఎర్రసిరాతో కొట్టేసి, ‘అడిగింది గుడ్ల లెక్క’ అని రాశారు. అదే అడుగుతూ మూడు అర్జీలు పెట్టాను. నకళ్లు నా దగ్గర ఉన్నాయి.

ఆ సర్వే నాకు నేర్పింది ఇదీ: ఈ రోజు గుడ్డు పెట్టని కోడిని తీసేస్తే ఈ ఏటి లెక్క బాగుంటుంది, వచ్చే ఏటికి కోళ్లుండవు. ఆ నాటుకోడిని తప్పు గడిలో మొదట రాసింది నేనే.