అది రాజీ సొమ్ము కాదు

2022 వానాకాలం. నేను వికారాబాద్ కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయసహాయ కార్యాలయంలో పారా లీగల్ వాలంటీరుని. అంటే వకీలునీ కాను, గుమాస్తానీ కాను. కోర్టుకీ, కోర్టు పేరు చెబితే బెదిరే జనానికీ మధ్య తిరిగే మనిషిని. మాది తాండూరులో కిరాణా దుకాణం. "నీకొచ్చే పైసలు మన దుకాణంల చాయ్ ఖర్చుకు గూడ సరిపోవు" అని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. పట్టించనీ. ఈ అంజమ్మ కేసు చెప్పేటప్పుడు మాత్రం అందరికంటే ముందు కూర్చుని వినేది ఆయనే.

ఒక ఉదయం తాండూరు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. యాలాల్ దగ్గర ఒక ఊరికి చెందిన బాలయ్య గొర్రెల కాపరి. చేనులో మంద పెట్టుకుని ఉండగా గొర్రెలు ఎత్తుకుపోవడానికి ఇద్దరు వచ్చారు. అడ్డుపడ్డ బాలయ్య కుడిచేతిని కొడవలితో నరికి పారిపోయారు. బాలయ్య వాళ్లను గుర్తుపట్టాడు, అతని భార్య పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. కుట్లు వేశారు గానీ, వేళ్లను ఆడించే నరాలు తెగిపోయాయి. హైదరాబాదులో తొందరగా ఆపరేషన్ చేయించకపోతే ఆ చెయ్యి ఇక దేన్నీ పట్టుకోదని డాక్టరు తేల్చేశారు.

ఇలాంటివాళ్ల కోసమే మా దగ్గర ఇంటరిమ్ కాంపెన్సేషన్ ఉంటుంది. కేసు తేలేదాకా ఆగకుండా, బాధితుల అత్యవసర ఖర్చులకు ప్రభుత్వ నిధి నుంచి ఇప్పించే సాయం అది. మంచి మాట మోసుకెళుతున్నానన్న హుషారుతో బయల్దేరాను. బాలయ్య భార్య అంజమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. సంగతి చెప్పి, దరఖాస్తు ముందు పెట్టాను. ఆమె దాని వంక కూడా చూడలేదు.

"మాకు పైసలొద్దమ్మా. నువ్వు పో."

"ఎందుకొద్దు చెల్లె? నీ పెనిమిటి చెయ్యి బాగయితది."

"గొర్లమ్మి చేపిచ్చుకుంట. రాజీ మాత్రం కాను."

రాజీ మాటెక్కడిదని అడిగితే అప్పుడు తెలిసింది. ముందు రోజే నరికినవాళ్ల తరఫున పెద్దమనుషులు వచ్చి వెళ్లారట. ఆసుపత్రి ఖర్చంతా పెట్టుకుంటాం, కేసు వాపసు తీసుకోమన్నారట. మా ప్రాంతంలో అంతే. దెబ్బ తిన్నవాడికి పెద్దలు పైసలిప్పించి వేలిముద్ర వేయించారంటే, ఆ గొడవ అక్కడితో సరి. మర్నాడే నేనూ పైసల మాటతో, కాగితంతో వెళ్లాను. నన్ను కూడా ఆ జట్టులోనే కలిపేసింది.

చట్టం చెప్పాను, నియమాలు చెప్పాను. ఆమె పైన తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. మంద అమ్ముకుంటే చెయ్యి బాగై మాత్రం ఏం చేస్తాడు? కానీ మొగుడి చెయ్యి పోతున్నా అమ్ముడుపోనంటున్న మనిషిని తిట్టడానికి నోరెలా వస్తుంది? నీళ్లు తాగి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

"మీ గొర్ల మీద ఎప్పుడన్న పిడుగు వడ్డదా చెల్లె?"

"పోయినేడు వడ్డది. మస్తు గొర్లు సచ్చినయి."

"సర్కారు ఏమన్న ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"మరి పిడుగుతోని రాజీ అయినవా?"

మంచం మీద బాలయ్య కిసుక్కున నవ్వాడు. అంజమ్మ నవ్వలేదు. మొదటిసారి దరఖాస్తు వంక చూసి అడిగింది.

"గా పైసల తీరేనా ఇవి?"

"గంతే. ఇచ్చేది సర్కారు. వాళ్ల జేబులకెళ్లి ఒక్క పైస రాదు. నీ కేసు నీదే, నీ సాక్ష్యం నీదే."

"నాకు సమజైంది. ఊళ్లె ఎవరికి సమజైతది? అంజమ్మ పైసలకు లొంగిందంటరు. నువ్వొచ్చి జెప్తవా?"

మర్నాడే అంజమ్మతో కలిసి వాళ్ల ఊరు వెళ్లాను. పంచాయతీ ఆఫీసు ముందు చేరిన జనానికి ఇవి సర్కారు పైసలని చెప్పాను. వాళ్లలో రాజీ బేరం తెచ్చిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. "ఎవ్వలిస్తే ఏందమ్మా, పైసలు పైసలే గద" అన్నాడు తాపీగా. దుకాణం బేరాల మధ్య బతికేదాన్ని, గొంతు తగ్గించడం నాకు రాదు. "కాదు పటేలా. మీరు దెచ్చింది నోరు మూసుకొమ్మని. నేను దెచ్చింది చెయ్యి బాగు జేసుకొమ్మని" అన్నాను. అంజమ్మ అక్కడే, అందరూ చూస్తుండగా, దరఖాస్తు మీద వేలిముద్ర వేసింది.

ఎఫ్ఐఆర్, డాక్టరు రిపోర్టు చూసి మా కార్యాలయాన్ని చూసే జడ్జిగారు వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. ఆపరేషన్ జరిగింది. మంద నిలిచింది.

ఏడాది దాటాక కేసు విచారణకు వచ్చింది. ఫిర్యాదు ఇచ్చింది అంజమ్మే కాబట్టి ముందు ఆమెను పిలిచారు. డబ్బు ముట్టింది కదా అని నిందితుల వకీలు నిలదీశాడు.

"ముట్టింది సారూ. సర్కారిచ్చింది. నరికినోళ్లది మేం ముట్టలే."

తర్వాత బాలయ్య. నరికినవాళ్లు ఇక్కడున్నారా, చూపించమన్నారు. అతను కుడిచెయ్యి ఎత్తాడు. రెండు వేళ్లు ఇంకా వంకరగానే ఉన్నాయి. చూపుడువేలు మాత్రం తిన్నగా చాచి ఆ ఇద్దరినీ చూపించాడు. వెనక బెంచీలో నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఈ పని చేస్తున్నందుకు అంత గర్వం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

ఇప్పుడు ఏ బాధితుల దగ్గరికి వెళ్లినా ముందే సంచిలోంచి కాగితం తీయను. నాకంటే ముందు పైసలు పట్టుకుని ఎవరొచ్చారు, ఏమడిగారు అని అడుగుతాను. అది విన్నాకే నా మాట మొదలుపెడతాను.