బూర నోరు నేలకి తిప్పిన కృపావరం

కృపావరం బాబాయి ఊపిరి చాలక పాట మధ్యలో బూర దించేశాడని అంటున్నారు. తప్పు. ముందు రోజు తాగింది దిగలేదని ఇంకొందరు అంటున్నారు. అది ఇంకా తప్పు. ఆయన తాగడం మానేసిన సంగతి వాళ్ళ పాస్టరుగారికంటే మా వీధి చివర బ్రాందీ షాపువాడికి బాగా తెలుసు. పాట మర్చిపోయాడని మూడో మాట. నిద్రలో లేపి మౌత్‌పీసు నోటికి ఆనించినా ఆ పాట వాయించగలడాయన. ఫోన్లో ఆ వీడియో చూసి కింద నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళందరికీ చెబుతున్నాను, ఆ సాయంత్రం నేను అక్కడే, ఆయన భార్య రాహేలు పిన్ని పక్కనే కూర్చుని ఉన్నాను. జరిగింది వేరు.

గుడివాడలో వాళ్ళ బ్యాండు షాపు ఎదురుగా నాది టిఫిన్ బండి. పెళ్ళిళ్ళ రోజుల్లో బ్యాండువాళ్ళంతా ఎర్ర కోట్లు భుజాన వేసుకొచ్చి నా దగ్గరే ఇడ్లీ తింటారు. కృపావరం బాబాయి మాత్రం తినడు. కడుపు నిండితే ఊపిరి పైకి రాదంటాడు. ఊరేగింపంతా అయ్యాక, పెళ్ళివారు వంటల డేరా వెనకాల బ్యాండువాళ్ళకి విడిగా పెట్టించే చల్లారిన పులిహోరే ఆయన భోజనం. పెళ్ళికొడుకుని మండపం గుమ్మం దాకా తీసుకొచ్చేది ఈయన ఊపిరి. గుమ్మం లోపల ఈయనకి ఒక కుర్చీ ఉండదు. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సరే, అది వేరే గొడవ.

బాబాయి వాళ్ళ నాన్న పమిడిముక్కల వైపు నుంచి రైసు మిల్లులో పనికి గుడివాడ వచ్చి, కాలవ అవతల కాలనీలో ఉండిపోయాడు. ఆ కాలనీ చర్చిలో ఒక ముసలాయన ఉండేవాడట. ఈస్టరు నాడు తెల్లారకముందే చర్చి దగ్గర బూర ఎత్తి, సమాధుల దొడ్డి దాకా వాయించుకుంటూ నడిచేవాడట. జనమంతా ఆయన వెనకాల. ఆ ముసలాయనకి పళ్ళు కదిలి బూర పెదవికి నిలవక, కృపావరాన్ని పిలిచి చేతిలో పెట్టాడు. అప్పటికి ఈయనకి మీసం కూడా రాలేదు. పెళ్ళిళ్ళకి ఒకరు పిలుస్తారు, ఒకరు మానేస్తారు. ఈస్టరు బూర మాత్రం అప్పటినుంచీ ఆయనదే. "నేను పెళ్ళిళ్ళకి వాయించేది పొట్ట కోసమే అనసూయా, ఇది మాత్రం మా ముసలాయన అప్పజెప్పిన పని" అనేవాడు నాతో.

బ్యాండువాళ్ళకి ఒక కట్టుబాటుంది. ఊరేగింపుకి పాడె ఎదురైతే మేళం ఆగిపోవాలి. పెళ్ళికొడుకు ఎంత గొప్పవాడైనా సరే, బూర నోరు నేలకి తిప్పి పాడె దాటిందాకా నిలబడాలి. దానికో తోక కూడా ఉంది. ఎందుకు ఆపావయ్యా అని పెళ్ళివారు అడిగితే, పందిట్లో ఆ మాట ఎత్తకూడదు. తిట్లు తినాలి, ఊరుకోవాలి.

"చర్చికెళ్ళే మనిషివి, నీకు ఈ శకునాలేంటి బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"శకునం కాదే పిచ్చిదానా. ఆళ్ళు ఏడుస్తుంటే మనం వాయించడం తప్పు. ఈళ్ళు నవ్వుతుంటే ఆ మాట చెప్పడమూ తప్పే. ఇంక మనకి మిగిలిందేంటి? నోరు మూసుకోడం" అన్నాడు.

పెడనలో ఒక పెళ్ళికి పెళ్ళికొడుకు మేనమామ కోటు కాలరు పట్టుకుని ఊపేశాడట. బంగారు రంగు తాళ్ళు తెగి కిందపడ్డాయి. ఈయన పెదవి విప్పలేదు. రాహేలు పిన్ని ఆ తాళ్ళు మళ్ళీ కుట్టింది, కుట్టినంతసేపూ ఆ మేనమామ వంశాన్ని కడిగి ఆరేసింది.

మచిలీపట్నంలో కల్యాణమండపం నడిపే ప్రకాశరావు గారికి ఈ చలికాలంలో ఒక బుద్ధి పుట్టింది. బందరు, గుడివాడ, దివిసీమ పాత బ్యాండులన్నిటినీ ఒకే స్టేజీ ఎక్కించి, కెమెరాలు పెట్టి రికార్డు చేయిద్దామని. మంచి బుద్ధే, కాదనను. ఒకప్పుడు రెండు ఊరేగింపులు సెంటర్లో ఎదురుపడితే ఈ బ్యాండులవాళ్ళు కొట్టుకున్నంత పని చేసేవారు. అవనిగడ్డలో క్లారినెట్ కాంతారావుకీ మా బాబాయికీ అలాంటి పోటీ ఒకటి జరిగి, ఇద్దరికీ పెదాలు చిట్లి, పెళ్ళివాళ్ళు మజ్జిగ తాగించి విడదీశారట. ఆ ఇద్దరూ ఆ రోజు స్టేజీ కింద కావలించుకున్నారు.

"ఇంకా బతికే ఉన్నావేంట్రా కృపావరం?"

"నీ క్లారినెట్ అపశ్రుతి వినకుండా ఎలా పోతాన్రా?"

చూసి మాకు కళ్ళు చెమర్చాయి. వాయించడం మొదలెట్టాక మరీనూ. అంతమంది ముసలివాళ్ళు ఒక్కసారి బుగ్గలు పూరించేసరికి నా కుర్చీ కాళ్ళు అదిరాయి. ఆఖర్న అందరూ కలిసి వాయించే మార్చింగ్ పాట. మధ్యలో అందరూ తగ్గి, మా బాబాయి ఒక్కడే పైస్థాయిలో ఎత్తుకోవాలి. రాహేలు పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ స్టేజీ కట్టిన మైదానం పక్కనే గిలకలదిండి రేవు వైపు వెళ్ళే రోడ్డు. మా బాబాయి కూర్చున్నది స్టేజీకి ఆ చివర, రోడ్డు వైపు. ఆయన ఎత్తుకున్నాడు, కంచుగంట మోగినట్టు మోగింది. అంతలో రోడ్డు మలుపులో పాడె కనపడింది. ముందు కుండ, వెనకాల జనం. మా బాబాయి చూశాడు. పాట ఆపి, బూర నోరు నేలకి తిప్పి, లేచి నిలబడ్డాడు.

అందరూ ఆపుతారనుకున్నాను. వాళ్ళదీ అదే వృత్తి, అదే కట్టుబాటు. ఒక్కడూ ఆపలేదు. పక్కనున్న కాంతారావు తల తిప్పి పాడెని చూశాడు, మా బాబాయినీ చూశాడు, మళ్ళీ క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు. ప్రకాశరావు గారు కెమెరా వెనక నుంచి "ఆపొద్దు, ఆపొద్దు, కానివ్వండి" అని రెండు చేతులూ ఊపుతున్నాడు. బ్యాండులకి సాయంగా కూర్చోబెట్టిన కీబోర్డు కుర్రాడు హరీష్ ఆ ముక్క అందుకున్నాడు. జనం చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలోంచి పాడె దాటిపోయింది. అది పూర్తిగా కనుమరుగయ్యాకే బాబాయి కూర్చున్నాడు. అప్పటికి పాటా అయిపోయింది.

కొన్నాళ్ళకి రికార్డింగు తయారైందని, చూడ్డానికి రమ్మని ప్రకాశరావు గారు బ్యాండువాళ్ళందరినీ తన మండపానికి పిలిచాడు. రాహేలు పిన్ని రమ్మంటే నేనూ వెళ్ళాను. మర్నాడు అక్కడ పెళ్ళి. అరటిపిలకలు కట్టేశారు, బంతిపూల దండలు వేలాడుతున్నాయి. ఆ పందిట్లోనే పెద్ద తెర కట్టి వీడియో వేశారు.

మొదట్లో అందరూ పిల్లలైపోయారు. "అదిగో నేను", "నీ పొట్ట చూడరా, డ్రమ్ము ఏది, నువ్వేది?" అని ఒకటే నవ్వులు. తర్వాత ఆఖరి పాట వచ్చింది. తెరమీద మా బాబాయి మొహమే నిండుగా ఉంది. బూర ఎత్తాడు, దించేశాడు. వెంటనే కెమెరా హరీష్ వేళ్ళ మీదికి పోయింది. రోడ్డు లేదు. పాడె లేదు. ఆయన లేచి నిలబడిందీ లేదు. ఒక ముసలాయన మొదలుపెట్టి చెయ్యలేక వదిలేస్తే, కుర్రాడు ఆదుకున్నాడు. చూసేవాళ్ళకి అంతే.

"ఏంటి బాబాయ్, గాలి దిగిపోయిందా?" అన్నాడు బందరు బ్యాండులో ఎవడో.

"సైకిలు పంపు తెచ్చి కొట్టండ్రా" అన్నాడు ఇంకోడు. మండపమంతా నవ్వు.

ప్రకాశరావు గారు నవ్వుతూనే, "నిజం చెప్పు కృపావరం, ఏమైంది ఆ రోజు?" అన్నాడు. ఏమైందో ఈయనకి తెలీదా! చేతులు ఊపింది ఈయనే కదా!

బాబాయి తల ఎత్తి పైన కట్టిన బంతిపూలకేసి చూశాడు. "ఇది పెళ్ళివారి పందిరండీ. ఇక్కడ చెప్పే మాట కాదు" అన్నాడు.

"చెప్పడానికేమైనా ఉంటే కదా!" అని ఇంకా నవ్వారు. నేను లేవబోయాను. రాహేలు పిన్ని నా చీర కొంగు పట్టి లాగింది. "ఆయన చెప్పొద్దన్నాక మనం చెబితే ఆయన్ని కొట్టినట్టేనే" అంది. కాంతారావు ఎదురుగానే కూర్చుని కాళ్ళకేసి చూసుకుంటున్నాడు.

బయట కిళ్ళీ కొట్టు దగ్గర దొరికాడు నాకు.

"ఏమయ్యా కాంతారావూ, పాడె వెళ్ళలేదా?"

"వెళ్ళిందమ్మా."

"నువ్వు చూళ్ళేదా?"

"చూశాను. పందిట్లో ఎలా చెప్పమంటావు? నీకు తెలీందేముంది?"

"పందిట్లో సరే. ఈ కిళ్ళీ కొట్టుకి కూడా తోరణాలు కట్టారా?"

ఆకుకి సున్నం రాసుకుంటూ, "ప్రకాశరావు గారు వచ్చే ఏడు కూడా పెడతానన్నారమ్మా. ఈ వయసులో మమ్మల్ని పిలిచేదెవరు?" అన్నాడు. కట్టుబాటు తప్పిన మనిషి ఆ కట్టుబాటు వెనకాలే దాక్కున్నాడు చూశారా! ఆ తమలపాకు ఆయన నోట్లో పండి ఉండదు, నా శాపం తగిలి.

ఆ వీడియో కాలనీలో ప్రతి ఫోనుకీ చేరింది. ఈస్టరు దగ్గర పడుతుంటే చర్చి కమిటీ పెద్ద జేమ్స్ గారు బాబాయి ఇంటికొచ్చాడు. టీ తాగి, ఎండల గురించి మాట్లాడి, చెప్పులేసుకుంటూ చెప్పాడు: "ఈసారి మీరు విశ్రాంతి తీసుకోండి కృపావరం గారూ. నడుస్తూ వాయించడం... దారిలో ఏమైనా అయితే మాకు మాట వస్తుంది. కీబోర్డు పెట్టిస్తున్నాం." బాబాయి "మంచిదండీ" అన్నాడట. అంతే.

నాకు ఆగలేదు. రాహేలు పిన్నిని తీసుకుని గిలకలదిండి వెళ్ళాను. ఆ పాడె ఎవరిదో ఆ రేవులో చెప్పలేనివాళ్ళు ఉండరు. పెద్దింట్లమ్మ అనే ఆవిడ అన్నగారిదట. ఆవిడ వల ముందేసుకుని తెగిన కళ్ళు అల్లుతోంది. మేము అడగ్గానే చేతిలో పని ఆపేసింది.

"మేం ఆడోళ్ళం మలుపు దాకా ఎళ్ళాం. మా అన్నయ్య ఎళ్ళిపోతుంటే చప్పట్లు కొట్టారమ్మా! సంబరమంటే సంబరం! ఒక్కాయన లేచి నిలబడ్డాడు, ఎర్ర కోటాయన. ఆయన్ని చూసి మావోళ్ళు రాళ్ళెయ్యకుండా ఆగారు. లేకపోతే ఆ స్టేజీ ఉండేదా?"

ఆ మాట ఆవిడ చేతే ఫోన్లో జేమ్స్ గారికి చెప్పించాను. ఆయన అంతా విన్నాడు. "నిజమే అయ్యుంటుందమ్మా, నేను కాదనను. కానీ కీబోర్డువాళ్ళకి మాటిచ్చేశాం. బాగుండదు" అన్నాడు. బాగుండదట! ముసలాయన అప్పజెప్పిన మాట కంటే కీబోర్డుకిచ్చిన మాట బరువైపోయింది.

ఈస్టరు తెల్లవారుజామున నేనూ వెళ్ళాను. ఆటోలో కీబోర్డు, నాలుగు పక్కలా స్పీకర్లు. అది ఆగిపోయిందనో, చెడిపోయిందనో చెప్పాలని నాకూ ఉంది. ఆగలేదు. చక్కగా మోగింది. సమాధుల దొడ్డి దాకా జనం పాడుకుంటూ నడిచారు, ఒక్కరికీ లోటు కనపడలేదు. నాకు అన్నిటికన్నా మంట అదే. కృపావరం బాబాయి ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని అందరికంటే వెనక నడిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకసారి జేబులో, ఒకసారి వెనక్కి.

ఆ రోజునుంచి బూర గోడకి మేకు మీద ఉంది. అంతకుముందు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కూడా సాయంత్రం కాలవ గట్టున కూర్చుని ఒక్క పొడుగు స్వరం ఊదేవాడు, పెదవి చెడకుండా. బూర ఊదే మనిషి కొన్నాళ్ళు మానేస్తే పెదవి మెత్తబడుతుంది, మళ్ళీ ఆ పట్టు రాదట. ఆ పట్టు పోతే ఊపిరి లేదని కూసినవాళ్ళ మాట నిజమైపోతుంది. "ఊదవయ్యా" అని రాహేలు పిన్ని పోరుతోంది. "ఎవరి కోసమే?" అంటాడు. అందుకే నేను మీ అందరికీ చెబుతున్నాను.

గుడివాడలో ఆ కాలవ గట్టు మీదుగా సాయంత్రం పూట వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణం బండి ఆపండి. బూర వినపడిందా, మంచిది, మీ దారిన మీరు వెళ్ళండి. వినపడలేదా, కాలనీలో కృపావరం ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. ఆ వీడియో మాట ఎత్తకండి. అయ్యో పాపం అని అసలే అనకండి, తలుపేసుకుంటాడు. గుమ్మంలో నిలబడి, "ఏం బాబాయ్, ఇవాళ బూర వినపడలేదేంటి?" అని గట్టిగా అడగండి. ఆయన ఏమన్నాడో, మేకు మీద బూర ఉందో లేదో చూసి, వెళ్తూ వెళ్తూ నా బండి దగ్గర ఆగి ఒక్క మాట చెప్పండి.