ఆవిడ ఎక్కడ దాచేది?

కస్తూరికి అన్నీ తెలుసుకోవాలి. అదొక జబ్బు. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ కాబట్టి, ఆ జబ్బు సంగతి నాకు తెలిసినంత వాళ్ళాయన చక్రికి కూడా తెలీదు. కౌన్సిల్ వాళ్ళు ఎదురింటి చెత్త బిన్ ఖాళీ చెయ్యకుండా పోతే, ఎందుకు చెయ్యలేదో కనుక్కునేదాకా దానికి గొంతులో కాఫీ దిగదు. "నీకెందుకే తల్లీ?" అంటే, "తెలుసుకుంటే పోయేదేముంది హైమా?" అంటుంది. తెనాలి మనిషి, మాటకి మాట బాకీ ఉంచుకోదు.

ఇక్కడికొచ్చిన కొత్తలో మేమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులంటూ ఇల్ఫర్డ్ దాకా రైళ్ళెక్కి తిరిగాం. కస్తూరి మాత్రం పిల్లల్ని చూసుకునే ట్రైనింగ్ అయ్యి, రిజిస్టర్ చేయించుకుని చైల్డ్‌మైండర్ అయింది. అంటే, పనులకెళ్ళేవాళ్ళ పిల్లల్ని బడి వదిలాక తనింటికి తెచ్చుకుని సాయంత్రం దాకా చూసుకోవడం. మా అత్తగారు ఫోన్‌లో విని "ఆయా పనా?" అని మూతి తిప్పారు. నేను ఊరుకోక ఆ మాట కస్తూరికి చెప్పాను. "ఆయా అనే అనుకోమను. ఆయాకి తెలిసినన్ని ఇళ్ళ సంగతులు కలెక్టరుకి తెలుస్తాయా?" అంది.

దాని దగ్గరికొచ్చే పిల్లల్లో మా సాత్విక ఒకతి. జేమీ అని ఇంకొకడు, వాడి దవడ ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. మూడోది మిరియమ్, ఏడేళ్ళ పిల్ల. యూదులు. తల్లి నర్సు, ఆవిడ డ్యూటీ రోటా ఎప్పుడెలా మారుతుందో దేవుడికే తెలియాలి కాబట్టి సాయంత్రాలు తాతగారు వచ్చి తీసుకెళ్తారు. ఆయన పేరు ఫెల్డ్‌మన్. పక్కనే బుషీలో ఒకప్పుడు కళ్ళద్దాల షాపు నడిపిన మనిషి. మొదటిరోజే కస్తూరి "రండి అంకుల్" అంది. నేను మీకు అంకుల్ ఎలా అయ్యానని ఆయన అడిగితే, "పెద్దవారుగా, అలా అయ్యారు" అని తేల్చేసింది. అప్పట్నించీ ఆయన బెల్ కొట్టి "అంకుల్ వచ్చాడు" అనే చెప్పేవారు.

పోయిన మార్చిలో ఒక సాయంత్రం నేను సాత్విక కోసం వెళ్ళేసరికి, కస్తూరి సోనామసూరి బస్తా విప్పి స్టీలు పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. ఇక్కడి బియ్యంలో రాయన్నది మందుకైనా దొరకదు. అయినా ఏరుతుంది, వాళ్ళమ్మ ఏరింది కాబట్టి. పక్కన కూర్చున్న మిరియమ్ చూసి చూసి, "మా గ్రాండ్‌మా కూడా ఇలాగే వేలితో తోసేది" అంది. ఆ పిల్ల మాట్లాడేదంతా ఇంగ్లీషే, నేను మన భాషలో చెప్తున్నాను.

"మీ గ్రాండ్‌మా అన్నం వండేదా?" అంది కస్తూరి, పళ్ళెం పక్కన పెట్టేసి.

"వండేది. ఇప్పుడు లేదుగా. ఈసారి పాసోవర్ కూడా లేదు" అంది.

పాసోవర్ అంటే మన దగ్గర చర్చికెళ్ళేవాళ్ళు పస్కా అంటారే, అదే. ఆ కథ కస్తూరికి చిన్నప్పుడు తెనాలి బళ్ళో దేవదానం మాస్టారు చెప్పారట. ఈజిప్టులో బానిసలుగా ఉన్న జనం ఉన్నపళాన బయల్దేరాల్సి వచ్చింది, పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక పులియని రొట్టెలే కాల్చుకుని పోయారు, దానికి గుర్తుగా ఈ పండగ. దానికి తెలిసింది అంతవరకే. ఆ పండగలో పిల్లలకి ఒక ఆట ఉంటుందని తెలీదు.

మిరియమ్ చెప్పింది. భోజనం మొదట్లో పెద్దవాళ్ళు ఆ పులియని రొట్టెని విరిచి, ఒక ముక్క గుడ్డలో చుట్టి ఇంట్లో ఎక్కడో దాస్తారట. ఆ రొట్టెని మాట్సా అంటారు, పెద్ద బిస్కెట్‌లా పెళుసుగా ఉంటుంది. పిల్లలు దాన్ని వెతికి పట్టుకోవాలి. ఆ ముక్క తలా కాస్త తింటేగానీ విందు పూర్తయినట్టు కాదు. అందుకని దొరికినవాళ్ళు ఊరికే ఇవ్వరు, బేరం పెడతారు, పెద్దవాళ్ళు దిగిరావాల్సిందే.

వాళ్ళింట్లో దాచేది గ్రాండ్‌మా. ఏ ఏడూ ఎవరికీ దొరకలేదు. మిరియమ్ తల్లికి కూడా, ఆవిడ చిన్నప్పుడు దొరకలేదు. అందరూ ఓడిపోయాక పెద్దావిడే ఎవర్నీ రానివ్వకుండా వెళ్ళి, నవ్వుకుంటూ తెచ్చేదట. "వచ్చే ఏడు నీకు చెప్తాలే" అని మనవరాలికి మాటిచ్చి, ఎండాకాలంలో పోయింది. ముక్క చుట్టే నీలం వెల్వెట్ సంచిని కూడా ఆవిడే దాచుకునేది, అదీ అప్పట్నించీ కనపడలేదు. ఫెల్డ్‌మన్ గారు ఇల్లంతా గాలించి, దొరక్క, ఈ ఏడు పండగ వద్దనేశారు.

"సంచి లేకపోతే రుమాల్లో చుట్టొచ్చుగా. నేనదే చెప్పాను. గ్రాండ్‌పా వినలేదు" అని మిరియమ్ పళ్ళెంలో బియ్యం కెలుకుతూ కూర్చుంది. నేను పిల్ల తల నిమిరాను. కస్తూరికీ జాలేసే ఉంటుంది గానీ, అది పైకి అన్న మాట మాత్రం "ఎక్కడ దాచేదే ఆవిడ?"

ఆ సాయంత్రమే గుమ్మంలో ఆయన్ని పట్టుకుని అడిగేసింది. ఫెల్డ్‌మన్ గారు మిరియమ్ కోటు గుండీలు పెడుతూ, "దాచే మనిషి లేనప్పుడు వెతకడం దేనికి?" అన్నారు.

ఆయన కారు మలుపు తిరిగాక నేను దాన్ని కడిగేశాను. "చావైన ఇల్లు. ఏడాది తిరగలేదు. మనవాళ్ళు మాత్రం పండగ చేసుకుంటారా? నీ కుతూహలం తగలెయ్యా, అవతలివాళ్ళ పుండు గెలక్కు."

"మనకి వద్దని పెద్దలు చెప్పారు. వాళ్ళకలా ఏమీ లేదట, మిరియమ్ తల్లికి ఫోన్ చేసి కనుక్కున్నా. ఆయనే వద్దనుకుంటున్నాడు" అంది. ఎప్పుడు కనుక్కుందో, ఆయన కారులో బెల్టు పెట్టుకునే లోపే కాబోలు. ఇంకోటి కూడా కనుక్కుంది. ఆ ఆట తన దగ్గర పిల్లలందరికీ నేర్పొచ్చా అని. తల్లి సంతోషంగా ఒప్పుకుందట.

మర్నాడే సూపర్‌మార్కెట్లో మాట్సా పెట్టె కొనుక్కొచ్చింది. కథ చెప్పింది. పిల్లల చేత వాళ్ళ బడి సంచులే భుజానికి వేయించి, సోఫా చుట్టూ నడిపించి ఈజిప్టు దాటించింది. జేమీ దారిలోనే రొట్టె సగం నమిలేశాడు. తర్వాత అందర్నీ కళ్ళు మూసుకోమని, ఒక ముక్క తెల్ల రుమాల్లో చుట్టి దాచేసి వచ్చింది.

పిల్లలు వెతికిన తీరు చూడాలి. చెప్పుల స్టాండు, వాషింగ్ మెషీను, దేవుడి గూడు, చక్రి ఆఫీసు బ్యాగు, ఏదీ వదల్లేదు. ఒక్క మిరియమ్ మాత్రం పరిగెత్తకుండా, ఒక్కో చోటా నిలబడి ఆలోచించి వెతికింది. మొదట్లో పిల్లల ఆట నాకెందుకని కూర్చున్నా, కాసేపటికి నేనూ లేచి సోఫా దిళ్ళు ఎత్తాను. దొరకలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అప్పుడే బెల్ మోగింది. "అంకుల్ వచ్చాడు."

"సరిగ్గా సమయానికొచ్చారు, ఇటు రండి" అని కస్తూరి ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. వెనక మేమంతా. స్టీలు బియ్యం డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, మూట పైకి లాగింది. "మా అమ్మ గాజులు, బీరువా తాళాలు, మా నాన్నకి కనపడకూడని చుట్టలు, అన్నీ బియ్యంలోనే దాచేది" అంది, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"కస్తూరీ, అందులో కాదు" అంది మిరియమ్ భయంగా. "పాసోవర్‌కి మేం బియ్యం ముట్టుకోం."

కస్తూరి మొహంలో రంగు పోయింది. మడి కట్టుకున్న వంటింట్లోకి ఉల్లిపాయలు పట్టుకుని దూరినట్టు నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో అందర్నీ అన్నీ అడుగుతుంది, అడగాల్సిన ఆ ఒక్కటీ అడక్కుండా ఊరుకుంది. "సారీ అంకుల్, నాకు తెలీదు" అంటూ మూట గట్టు మీద పెట్టేసింది.

ఆయన కోప్పడలేదు. రుమాలు మడతల్లోంచి రాలుతున్న గింజల్ని చూస్తున్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, మెల్లిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆయన భార్య మోజెల్ కలకత్తాలో పుట్టిందట. వాళ్ళ పూర్వీకులు బాగ్దాద్ నించి అక్కడికొచ్చి స్థిరపడిన యూదులు. పుట్టింట్లో ఈ పండక్కి అన్నం తినేవాళ్ళట, ముందుగా బియ్యం గింజ గింజా ఏరుకుని మరీ. ఈయన వైపు ఆచారం వేరు. పెళ్ళయి వచ్చాక ఆవిడ మారుమాట్లాడకుండా మానేసింది.

"మనలాగే. మెట్టినింటి ఆచారం" అని నేను గొణిగాను.

"పండగ ఎనిమిది రోజులూ తన బియ్యం డబ్బాకి గుడ్డ కట్టి కప్‌బోర్డ్ పైన పెట్టేసేది. దాని వంక మేం చూసేవాళ్ళం కూడా కాదు. అసలు ఎవరైనా దాన్లో..." అని ఆయన ఆగిపోయారు.

"అంకుల్," అంది కస్తూరి, "ఆ డబ్బా ఇప్పుడెక్కడుంది?"

"తను పోయాక నేనే మళ్ళీ పైన పెట్టేశాను, అక్కడే ఉంది. నాకు అన్నం వండటం రాదు."

జేమీని వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది. మిగిలినవాళ్ళం ఆయన కారెక్కాం. పిల్లల స్నానాలూ తిండీ ఉన్నాయి, నీకు పిలుపు లేకుండా ఒకరింటికెళ్ళడమేంటని దార్లో కస్తూరిని చెవిలో తిట్టాను. నిజం చెప్పొద్దూ, చూడకపోతే నాకూ ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఆయన వంటింట్లో ఒక్కరి కోసం ఒక ప్లేటూ ఒక కప్పూ సింకు పక్కన బోర్లించి ఉన్నాయి. డబ్బాని ఆయనే దింపి నేలమీద పెట్టారు. మూత బిగుసుకుపోయి రాకపోతే కస్తూరి తీసింది. చెయ్యి పెట్టబోయి, దాని జన్మలో మొదటిసారి ఆగింది. "నువ్వు చూడవే మిరియమ్" అంది.

పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, బియ్యంలోకి చెయ్యి పోనిచ్చింది. ముందు మణికట్టు దాకా, తర్వాత మోచెయ్యి దాకా. అడుగున ఏదో తగిలినట్టుంది, మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. బియ్యం జలజలా కారుతుండగా నీలం వెల్వెట్ సంచి బయటికొచ్చింది.

ఫెల్డ్‌మన్ గారు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. మొదట ఏడుపనుకున్నాను, కాదు, నవ్వు. "ఇన్నేళ్ళూ," అన్నారు, "ఇన్నేళ్ళూ నా పండగ రొట్టెని తన పుట్టింటి బియ్యంలో పెట్టి తినిపించింది." నవ్వుతూ నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను గోడ వైపు తిరిగాను.

ఆ రాత్రే ఆయన కూతురికి ఫోన్ చేసి పండగ చేద్దామన్నారు. మమ్మల్నీ రమ్మన్నారు. కస్తూరి పులిహోర కలుపుతానంటే తల పట్టుకున్నాను. చివరికి నల్ల ద్రాక్షా, దానిమ్మపళ్ళూ తీసుకెళ్ళాం. కస్తూరి పట్టుచీర కట్టుకుని, హీటింగ్ మండిపోతున్న ఆ ఇంట్లో చలేస్తోందంటూ భుజాల మీది శాలువా తియ్యలేదు. తియ్యవే, చెమట పడుతోంది అంటే వినదు.

ప్రార్థనలయ్యాయి, భోజనాలయ్యాయి. ఈసారి దాచింది మిరియమ్, వెతకాల్సింది తాత. ఆయన ధీమాగా లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. డబ్బా మూత చప్పుడైంది. కాసేపటికి బియ్యం పిండి అంటిన చేత్తో ఖాళీగా తిరిగొచ్చారు.

"అది గ్రాండ్‌మా చోటు. నేనక్కడెందుకు దాస్తాను?" అంది మిరియమ్.

పాపం ఆయన కర్టెన్లు దులిపారు, పియానో మూత ఎత్తారు, తన కోటు జేబులు తనే వెతుక్కున్నారు. చివరికి ఓడిపోయి కూర్చున్నారు. ఆ ముక్క లేందే విందు ముగియదు. "ఏం కావాలో అడుగు" అన్నారు. సైకిలడుగుతుందేమో అనుకున్నాను నేను.

"వచ్చే ఏడు కూడా పాసోవర్ కావాలి."

ఆయన టేబుల్ చివరున్న ఖాళీ కుర్చీ వైపు చూశారు. "సరే" అన్నారు. "ప్రామిస్?" అంది. "ప్రామిస్" అన్నారు.

మిరియమ్ కస్తూరి వైపు చూసి తలూపింది. కస్తూరి శాలువా తీసి పక్కన పెట్టి, చీర కొంగున కట్టుకున్న పెద్ద ముడి విప్పింది. పక్కనే కూర్చున్నానా, నాక్కూడా చెప్పలేదు దొంగమొహంది. నీలం సంచి బయటికి తీసి, రెండు చేతులా ఆయనకి అందించింది.

ముక్క కాస్త నలిగింది. తలా కొంచెం పంచారు. సంచి దులుపుతుంటే కుట్టులో ఇరుక్కున్న ఒక్క బియ్యపు గింజ ఆయన అరచేతిలో పడింది. దాన్ని వేలితో అటూ ఇటూ తోసి చూసి, మళ్ళీ సంచిలోనే వేసి మూతి బిగించారు.