ఇరవయ్యో తూటా

ఓస్నె పని చేసుకునే బల్ల వంటింటి కిటికీ కింద ఉండేది. ఒక చివర కుట్టుమిషను, రెండో చివర బల్లకు బిగించిన ఇనుప ప్రెస్సు. పెళ్ళికూతుళ్ళ గౌన్లు ఇటువైపు, తూటాలు అటువైపు. రెండూ కొలతల పనే అని వాళ్ళ నాన్న అనేవాడట. ఆ పని ఆమెకు నేర్పింది ఆయనే.

యుద్ధం ముగిసి జర్మన్లు వెళ్ళిపోయాక మా స్కార్‌డాల్ లోయలో వాళ్ళ తుపాకులు చాలా మిగిలాయి. కొన్ని ఎలా ఉన్నవి అలాగే ఎనిమిది మిల్లీమీటర్ల తూటాతో నడిచేవి. మరికొన్నింటికి ప్రభుత్వం కొత్త గొట్టాలు బిగించి ఊళ్ళలో కాపలా సైన్యంగా ఉండే హోమ్ గార్డు వాళ్ళకు ఇచ్చింది. వాటికి 30-06 అనే తూటా కావాలి. పైకి చూస్తే రెండు రకాల తుపాకులూ కవల పిల్లల్లా ఉండేవి. ఎనిమిది తూటా కొనాలంటే పట్నం పోవాలి, పోయినా దొరికేది కాదు. 30-06 ఖాళీ డొల్లలు మాత్రం ఆదివారం గురి పోటీలయ్యాక గడ్డిలో రాలిన ఆకుల్లా పడి ఉండేవి. వాటిని ఏరుకుని సంచిలో వేసి ఓస్నె దగ్గరికి తెచ్చేవాళ్ళు.

ఆమె డొల్లలను పళ్ళెంలో వాటి నడుము దాకా వచ్చే నీళ్ళలో నిలబెట్టి, ఒక్కొక్క దాని మెడకు మంట చూపేది. ఇత్తడి మసక ఎరుపు తిరగగానే వేలితో నెట్టి నీళ్ళలో పడేసేది. మెడ మెత్తబడాలి, అడుగు మాత్రం వేడెక్కకూడదు. తర్వాత గొర్రె ఊలు కొవ్వు రాసి, అచ్చులో పెట్టి ప్రెస్సు పిడి కిందికి లాగేది. మెడ కింద ఉండే డొల్ల భుజం కిందికి దిగేది. పొడుగు మెడను రంపంతో కోసి, అంచు నున్నగా చేస్తే 30-06 కాస్తా ఎనిమిది అయ్యేది. అడుగున కొట్టిన అచ్చు మాత్రం మారదు. అక్కడ 30-06 అనే ఉంటుంది. అందుకే చివరగా ఆకురాయితో అడుగు అంచు మీద ఒక గాటు పెట్టాలి. చీకట్లో కూడా బొటనవేలికి తగిలేంత గాటు. నాన్న నేర్పిన వాటిలో అన్నిటికంటే చిన్న పని అదే.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో, ఎల్క్ దుప్పుల వేటకు ముందురోజు, ఆమె తమ్ముడు తోర్‌గ్రిమ్ ఎనిమిది తూటాలు తన తుపాకీకి కావాలని వచ్చి కూర్చున్నాడు. ఇరవై చేసింది. మందు పోసి గుండ్లు కూర్చేసరికి బయట బండి హారన్ మోగింది. వాటికింకా గాట్లు పెట్టలేదు. వాడి తుపాకీ, వాడి జేబు, వాడికి తెలుసు కదా అనుకుంది. అట్టపెట్టెలో సర్ది చేతికిచ్చింది.

కొండ మీద రెండు రోజులు వాన. వేటగాళ్ళ గుడిసెలో అందరూ జేబులు ఖాళీ చేసి తూటాలను పొయ్యి పక్క బెంచీ మీద ఆరబెట్టారు. పొద్దున్నే దీపం వెలుగులో ఎవరివి వాళ్ళు అడుగు అచ్చు చదివి ఏరుకున్నారు. పక్కింటి షూర్ తుపాకీ హోమ్ గార్డుది. అచ్చు సరిగ్గానే చదివాడు, చేతికొచ్చింది మాత్రం తోర్‌గ్రిమ్ తూటా. బోల్టు కొంచెం బిగుసుకుంటే అరచేత్తో గట్టిగా నెట్టాడు. లావు గుండు సన్నటి గొట్టంలో ఇరుక్కుంది. తుపాకీ అతని ముఖం దగ్గరే పేలింది.

విచారణకు వచ్చిన అధికారి పొరపాటున జరిగిందని రాసుకుని వెళ్ళిపోయాడు. ఓస్నెను ఎవరూ ఏమీ అనలేదు. షూర్ భార్య ఇంగెలైవ్ కూడా అనలేదు. సమాధి దగ్గర ఓస్నె చెయ్యి పట్టుకుని, చలిగా ఉంది, ఇంటికి పొమ్మంది.

తోర్‌గ్రిమ్ మూడు కాల్చాడు. షూర్ ఒకటి. పదిహేను దొరికాయి. ఒకటి దొరకలేదు. ఓస్నె గుడిసె నేల చెక్కలు ఊడదీయించింది, పొయ్యి బూడిద జల్లించింది. ఇంగెలైవ్ ఇంటి గుమ్మంలో నిలబడి, షూర్ కోటు జేబులో ఏమైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదంది ఇంగెలైవ్.

ఆ తర్వాత ఓస్నె ఎనిమిది తూటాలు చేసే అచ్చును ముట్టుకోలేదు. గాటు లేని ఆ తూటా మాత్రం ఏదో ఒక జేబులో, ఏదో ఒక సొరుగులో పడి ఉంది. ఎవరో ఒకరు దాని అడుగు చదివి నమ్ముతారు. వేట రోజుల్లో తుపాకీ పేలితే కుట్టుమిషను మీద ఆమె పాదం ఆగిపోయేది. మా కొండలు మంచి పేలుడు చప్పుడును రెండుసార్లు ప్రతిధ్వనిగా తిప్పి పంపుతాయి. షూర్ తుపాకీ పేలినప్పుడు ఒక్కసారి కూడా పంపలేదని అక్కడున్నవాళ్ళు చెప్పారు. ఆమె రెండూ వినబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది.

ఏటా వేటకు ముందురోజు బల్ల మీద బూడిద రంగు కంబళి పరిచేది. లోయలో మగాళ్ళందరూ వచ్చి దాని మీద జేబులు ఖాళీ చేయాలి. ఆమె తూటాలన్నీ వరసగా నిలబెట్టి, భుజాల ఎత్తు బొటనవేలితో తడిమి చూసేది. మొదట్లో జాలితో వచ్చారు, తర్వాత అలవాటుగా వచ్చారు. మా నాన్నా వెళ్ళేవాడు. "జేబులు దులిపానక్కా, ఇక ప్యాంటు కూడా విప్పమంటావా?" అని ఒకడు అంటే, "నీ ప్యాంటులో పేలేదేమీ లేదులేరా, నీ పెళ్ళామే చెప్పింది" అనేది నవ్వకుండా. అందరూ వెళ్ళాక ఇంగెలైవ్ ఇంటికి వెళ్ళి ఏమైనా దొరికిందా అని అడిగేది. లేదనేది ఇంగెలైవ్. లోపలికి పిలిచి కాఫీ పోసేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

డెబ్బై తొమ్మిదిలో ఇంగెలైవ్ అల్లుడు కోరె మొదటిసారి వేటకు తయారయ్యాడు. తీరం వైపు పిల్లాడు, హోమ్ గార్డులో కొత్తగా చేరాడు. కంబళి మీద తొమ్మిది తూటాలు పోసి, ఈ పరీక్షలో తప్పితే బడికి మళ్ళీ పంపుతారా అన్నాడు. ఓస్నె వాటిని నిలబెట్టింది. వాటిలో ఎనిమిదింటి భుజాలు ఒకే ఎత్తున ఉన్నాయి. తొమ్మిదోదాని భుజం దిగి ఉంది. అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. గాటు లేదు.

"ఇదెక్కడిది బాబూ?"

"మా అత్తగారి కుట్టుపెట్టెలోది. దారపు ఉండల కింద ఉంది. 30-06 అని రాసి ఉంటే, నాదీ అదే కదా అని వేసుకున్నాను."

ఓస్నె కంబళిని అలాగే వదిలేసి, తూటా పిడికిట్లో పట్టుకుని ఇంగెలైవ్ ఇంటికి నడిచింది.

ఇంగెలైవ్ బంగాళదుంప రొట్టెలు కాలుస్తోంది. ఓస్నె తూటాను పిండి బల్ల మీద నిలబెట్టి, కోరె జేబులోంచి వచ్చిందని చెప్పింది. ఇంగెలైవ్ చేతిలో అట్లకర్ర కిందికి వాలింది. రొట్టె మాడిపోతున్నా తియ్యలేదు.

"కోటు లోపలి జేబులో దొరికింది," అంది. "సమాధి చేసిన మర్నాడే."

"మరి లేదన్నావు."

"నువ్వు నిద్రపోకూడదనుకున్నాను. నోరు తెరిచి తిట్టలేను కదా, అదైనా దాచుకుందామనుకున్నాను. రెండేళ్ళకు ఆ కోపం పోయింది. అప్పుడు ఇద్దామనుకున్నానే. ఇస్తే ఇంకెందుకొస్తావు? ఆయన పేరు ఎత్తకుండా ఆయన గురించి నా దగ్గరికొచ్చేది నువ్వొక్కదానివే."

"పిల్లాడు చచ్చేవాడు ఇంగెలైవ్."

"తెలుసు." ఆమె పొయ్యి పక్క స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడు తెలిసింది."

ఓస్నె మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది. పటకారు అడిగి గుండును ఊడబీకింది. మందును పెరట్లో మంచు మీద సన్నగా గీతలా పోసి అగ్గిపుల్ల గీసింది. అది చప్పుడు లేకుండా మండిపోయింది. ఖాళీ డొల్లను ఇంటికి తీసుకెళ్ళి, ఆకురాయితో అంచు మీద గాటు పెట్టింది. మర్నాడు తెచ్చి ఇంగెలైవ్ కిటికీ గట్టు మీద ఉంచింది.

ఇక ఆమె కంబళి పరవదనుకున్నారు అందరూ. మరుసటి ఏడు కూడా పరిచింది. "దొరికింది కదత్తా, ఇంకా దేనికి?" అన్నాడు కోరె. తూటాలు పొయ్యమంది ఆమె. పోశాడు. అన్నిటినీ తడిమి చూసి, శాలువా కప్పుకుని ఇంగెలైవ్ గుమ్మం ముందుకు వెళ్ళింది.

"ఏమైనా దొరికిందా?"

కిటికీ గట్టు మీద గాటు పెట్టిన డొల్ల ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

"లేదు," అంది ఇంగెలైవ్. "లోపలికి రా."

కాఫీ పోసింది. ఎవరో ఆగలేక, గురి సరిచూసుకోవడానికి కొండ కింద ఒకటి పేల్చారు. ఇద్దరి చేతుల్లో కప్పులు ఆగాయి. మొదటి ప్రతిధ్వని వచ్చింది. ఇంగెలైవ్ కళ్ళు మూసుకుంది. రెండోది చాలా ఆలస్యంగా, అవతలి కొండ మీది నుంచి వచ్చింది.

అప్పుడు తాగారు.