అరవై ఒకటో నంబరు సంచి

గౌలిపురలో పాల దుకాణం పక్క సందులోకి తిరిగి, అడ్డంగా పెట్టిన స్కూటర్లను తప్పించుకుంటూ పది అడుగులు వేస్తే వైకుంఠం మాస్టారి స్కౌట్ మ్యూజియం వస్తుంది. మ్యూజియం అంటే ఆయన ఇంటి కింది వాటా, రెండు గదులు. వెలిసిపోయిన స్కార్ఫులు, ఈలలు, బ్యాడ్జీలు, సొట్టలు పడ్డ క్యాంపు గిన్నెలు. నేను ఊళ్లు పట్టుకు తిరిగినవాణ్ణి. రాజుల కత్తులున్న మ్యూజియాలూ చూశాను, మమ్మీలున్నవీ చూశాను. ఎక్కడైనా కాపలావాడికి డ్యూటీ దిగే వేళంటూ ఒకటుంటుంది. ఇక్కడ లేదు.

తప్పు ఆయనదే. ముప్పై ఏళ్ల కిందట, బడిలో డ్రాయింగ్ చెబుతూ స్కౌట్లను నడిపే రోజుల్లో, పాత స్కౌట్ల ఇళ్లకు వెళ్లి ఇవన్నీ అడిగి తెచ్చాడు. ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇంకొకరైతే బతిమాలేవారు. ఈయన మాట ఇచ్చాడు. ప్రతి వస్తువుకీ ఒక కార్డు, దానిమీద ముత్యాల్లాంటి దస్తూరీ: "మీరు ఎప్పుడు వచ్చి అడిగినా తిరిగి ఇస్తాను. నేను ఇక్కడే ఉంటాను." మొదటి వాక్యం సరిపోయేది. రెండోది ఎందుకు రాశాడో ఆయనకే తెలియదు. అలాంటి కార్డులు రెండు వందల పద్నాలుగు.

ఇంతవరకు ఒక్కరూ వచ్చి అడగలేదు. సగం మంది కాలం చేశారు. అయినా ఆయన ఊరు దాటలేదు. పెళ్లిళ్లకు భార్య విమలాదేవి ఒక్కరే వెళ్తారు. ఆవిణ్ణి ఒకసారి కాపలా కూర్చోమని, "నేను ఇక్కడే ఉంటాను" అని మాట ఇమ్మంటే, "ఇద్దరం ఇరుక్కుంటే ఇంట్లకు కూరలెవ్వరు తెస్తరు?" అన్నారట.

మొన్న ఫిబ్రవరిలో సోమయ్య ఫోన్ చేశాడు. మాస్టారి చిన్ననాటి స్కౌట్ దళానికి ఈ సోమయ్యే నాయకుడు. ఎనిమిది మందిలో మిగిలింది ముగ్గురు. అనంతగిరి గుట్టల్లో, మొదటి క్యాంపు వేసిన చోటే రెండు రోజులుందామన్నాడు.

"నువ్వు రావాలె వైకుంఠం. కండ్లు పూర్తిగ పోకముందే నీ మొకం చూడాలె."

ఫోన్ పెట్టేశాక మాస్టారు చాలాసేపు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. రోజూలాగే అక్కడ కూర్చున్న నేను చూడలేకపోయాను.

"ఆ రెండు రోజులూ నేను కూర్చుంటాను, వెళ్లి రండి మాస్టారూ," అన్నాను.

"నిజంగనా భాయ్?"

మెట్ల మీంచి విమలాదేవి అందుకున్నారు. "పంపియ్యన్నా, మస్తు పుణ్యం వస్తది. ఈయనక్కూడ ఒక కార్డు కట్టి గోడకు తగిలిద్దామనుకుంటున్న."

బయల్దేరే రోజు పొద్దున్నే వెళ్లాను. మెడలో స్కార్ఫు, భుజాన ఖాకీ సంచి. ఆ సంచి అరవై ఒకటో నంబరు, ఆయన సొంతదే. తను ఇచ్చిన వస్తువుకి కూడా తనే కార్డు రాసుకున్న మనిషి.

"నేనే అడిగిన, నేనే ఇచ్చిన," అని నవ్వాడు. "ఇన్నేండ్లల్ల వచ్చి అడిగినోడు నేనొక్కన్నే."

సందు చివర ఆటో ఆగి ఉంది. ఉప్పుగూడ స్టేషన్లో లోకల్ రైలు పట్టుకోవాలి.

"ఒక్క పని ఉన్నది భాయ్. మాట ఇయ్యాలె." స్కౌట్ల పద్ధతిలో నా ఎడమచెయ్యి పట్టుకున్నాడు. కుడిచేతి మూడు వేళ్లు ఎత్తమన్నాడు. "నా వెనక చెప్పు. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా తిరిగి ఇస్తాను."

చెప్పాను.

"నేను ఇక్కడే ఉంటాను."

డెబ్భై రెండేళ్లలో ఆ మాట నేను ఏ ఇంటికీ, ఏ మనిషికీ చెప్పలేదు.

"రెండు దినాలకే గద భాయ్."

"తెలుసు. ఉండండి, చెప్తాను."

ఆటోవాడు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మాస్టారు నా చెయ్యి మెల్లగా వదిలేశాడు.

"ఉత్తగనే అనేసి ఉంటే నేను పోయేటోణ్ణే. ఆ మాట బరువు తెల్సి ఆగినవ్ నువ్వు. మంచిగైంది." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "విమలా, ఆటోను పొమ్మను."

సంచిలోంచి తువ్వాలు, టార్చీ, బీపీ మాత్రలు తీసి బల్లమీద పెట్టాడు. ఖాళీ సంచిని దాని మేకుకి తగిలించి, కార్డు సరిచేసి, ఎడమచేత్తో ఫోన్ తీశాడు.

"సోమన్నా, నేను రాను. నువ్వే రా. ఇరవై ఏడో నంబరు ఈల నీదే గద. వచ్చి అడుగు, ఇస్త." సంచి కార్డు వైపు చూశాడు. "నేను ఈడనే ఉంట."

అది చెబుతుంటే ఆయన కుడిచేతి మూడు వేళ్లూ వాటంతటవే లేచాయి.